ఉత్తుత్తి గెస్టు

2007 చలికాలంలో నేను ఒక రోజంతా దొరలా బతికాను. కంపెనీ ఖర్చుతో, కంపెనీ హుకుంతో. నా జన్మలో అంత ఇబ్బందిగా గడిచిన రోజు ఇంకోటి లేదు.

అప్పుడు నేను దుబాయ్ తీరం నుంచి పడవలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక దీవిలో పనిచేస్తున్నాను. సముద్రంలో ఇసుక పోసి చేసిన దీవి అది. కొబ్బరిచెట్లు కూడా ఓడలో వచ్చినవే. దాని మీద కొత్త రిసార్టు కట్టారు, ఇంకా తెరవలేదు. నాది లాండ్రీలో ఇస్త్రీ పని. మాది జగిత్యాల దగ్గర పల్లె, చాకలి ఇల్లు. మా నాయన ఊరి బట్టలు ఉతికాడు, నేను విమానమెక్కి వచ్చి షేకులు రేపు కప్పుకోబోయే దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. ఎంత దూరం పారిపోయినా ఇస్త్రీపెట్టె నన్ను వదల్లేదు.

ఆ రిసార్టు విల్లాల్లో బండలు పరిచినవాళ్లలో మా పక్క ఊరి అన్న ఒకాయన ఉన్నాడు. అంతకుముందు జెబెల్ అలీ కూలీల క్యాంపులో మాది ఒకే గది, పైమంచం నాది, కిందిమంచం ఆయనది. ఒకసారి నాకు పది రోజులు జ్వరం వస్తే ఆ పది రోజులూ నా బట్టలు ఆయనే ఉతికాడు. మా ఇంటి బట్టలు వేరేవాళ్లు ఉతకడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. వద్దన్నా వినలేదు. "సప్పుడు జెయ్యక పండుకో" అన్నాడు.

ఆ ఏడు ఎండాకాలంలో అన్న సైటు మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాడు. ఇంక ఎండలో పనిచేస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. అదే సమయంలో రిసార్టువాళ్లు కొందరు కూలీలను రూంబాయ్‌లుగా తీసుకుంటామన్నారు. మూడు వారాలు దీవి మీదే, మా పనివాళ్ల గదుల్లో ఉంచి నేర్పుతారు, చివర పరీక్ష పెడతారు. పాసైతే ఏసీ గదుల్లో పని. తప్పితే మళ్లీ జెబెల్ అలీ, మళ్లీ అదే ఎండ. నలభై దాటిన మనిషి, సాయంత్రాలు నా దగ్గర కూర్చుని దుప్పటి మూలలు మడవడం చిన్నపిల్లాడిలా నేర్చుకున్నాడు.

పరీక్ష పెట్టే పద్ధతి విచిత్రంగా ఉండేది. రిసార్టు తెరిచే ముందు, పనివాళ్లలోనే కొందరిని ఒక రోజు గెస్టులుగా ఉంచుతారు. ఆ గెస్టులు గదిని మామూలుగా వాడాలి. మర్నాడు పొద్దున రూంబాయ్ వచ్చి శుభ్రం చేస్తుంటే, హౌస్‌కీపింగ్ మేడమ్ గడియారం పట్టుకుని చూస్తుంది. చీటీలు తీస్తే గెస్టుగా నాకు ఏడో నంబరు విల్లా వచ్చింది. అన్నకు పరీక్ష గది కూడా ఏడో నంబరే. ఇద్దరం పొంగిపోయాం.

"నసీబ్ మంచిగున్నది తమ్మి. వేరేటోడైతే గదంత గలీజ్ జేసి పెడుతుండె" అన్నాడు అన్న.

"నువ్వు ఫికర్ జెయ్యకు అన్న. నేనున్న గద" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మేడమ్ బొంబాయి ఆవిడ, హిందీలో మాట్లాడేది. ముందురోజు మా అందరినీ నిలబెట్టి, నా దగ్గరికి వచ్చి, రేపు చాకలిలా కాదు, గెస్టులా ఉండాలని ప్రత్యేకంగా చెప్పింది. "కల్ తుమ్ గెస్ట్ హో. ధోబీ నహీ. సమ్‌ఝా?" సమ్‌ఝా అన్నాను. ఏం సమ్‌ఝా అయిందో నాకే తెలియాలి.

మర్నాడు పొద్దున నన్ను పడవలో అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి, మళ్లీ గెస్టులా వెనక్కి తెచ్చారు. ఇన్నాళ్లూ పనివాళ్ల వెనక జెట్టీలో దిగినవాణ్ణి, ఆరోజు ముందు జెట్టీలో దిగాను. ఒకమ్మాయి చల్లటి చిన్న తువ్వాలు ఇచ్చింది. మొహం తుడుచుకుని, దాన్ని లాండ్రీ మడత వేసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. భోజనాల బల్ల మీద నేప్కిన్ విప్పి చూస్తే ఇస్త్రీ గీత వంకరగా ఉంది. ఎవడ్రా ఈ పని చేసింది అని మండిపడబోయి, ముందురోజు నేప్కిన్లు నా చేతి మీదుగానే వెళ్లాయని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తర్వాత తెడ్డుపడవ ఎక్కించారు. అది నేను చెప్పిన దిక్కుకు ఒక్కసారీ పోలేదు, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. మసాజ్ చేసే అమ్మాయి నా కుడి భుజం నొక్కి, ఇక్కడ రాయి ఉందా అన్నట్టు సైగ చేసింది. ఇస్త్రీ భుజం అది, ఏం చెప్పను. కళ్లకు అద్దాలు కట్టి నీళ్లలో ముంచితే మాత్రం మొదటిసారి నిజంగా సంతోషపడ్డాను. పసుపు, నలుపు చారల చేపలు నా ముఖం దాకా వచ్చి, నన్ను చూసి, పట్టించుకోకుండా పోయాయి. నేను గెస్టునో, ఇస్త్రీవాణ్ణో వాటికి అక్కర్లేదు. ఆ గంట చాలా బాగుంది.

ఆ రాత్రి నలుగురు పట్టే మంచం మీద, దుప్పటి నలగకుండా ఒక అంచున పడుకున్నాను. అలవాటు ప్రకారం తెల్లవారకముందే మెలకువ వచ్చింది. కాసేపట్లో అన్న వచ్చి నేను వాడిన తువ్వాలు వంగి తీస్తాడు, నా స్నానాల గదిలో వెంట్రుకలు ఏరతాడు అనుకుంటే ఇక పడుకోబుద్ధి కాలేదు. జ్వరంలో నా బట్టలు ఉతికిన మనిషి ఆయన. లేచాను. పక్క సర్ది మూలలు మడిచాను. నేలంతా తుడిచాను, అద్దం మెరిపించాను, తువ్వాళ్లు వరసగా పేర్చాను. అన్నకు ఇక చేతులు కట్టుకుని నిలబడటమే పని అనుకుంటూ, విల్లా చూసి మురిసిపోయి టిఫిన్‌కు వెళ్లాను. రెండు ఆమ్లెట్లు తిన్నాను.

తిరిగొచ్చేసరికి అన్న తోపుడుబండి పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మేడమ్ చేతిలో కాగితం ఉంది. పరీక్షకు ముందే దొంగతనంగా వచ్చి గది శుభ్రం చేసి పెట్టుకున్నావని ఆయన్ని నిలదీస్తోంది. ఏం జరిగిందో అర్థమైనా అన్న నా పేరు చెప్పడం లేదు. "నేను రాలేదు మేడమ్" అని మాత్రం అంటున్నాడు.

"నేనే చేసిన మేడమ్" అని హిందీలో చెప్పుకున్నాను. ఆమె నమ్మలేదు. ఏ గెస్టూ గది తుడవడని, ఊరివాళ్లిద్దరూ కలిసి నాటకం ఆడుతున్నారని అంది. నేను ఒట్టు పెట్టుకున్నాను. జ్వరం సంగతి, మా ఇంటి సంగతి, నోటికొచ్చిందల్లా చెప్పాను. ఆమె గడియారం చూసుకుంది.

"బారా బజే తక్ తుమ్ గెస్ట్ హో" అంది. పన్నెండింటి దాకా నేను గెస్టునేనట. "అర్ధగంట టైమిస్తున్నా. గది ఖరాబ్ చెయ్యి. నీకు అన్న మీద అంత ప్రేముంటే బాగా ఖరాబ్ చెయ్యి" అని బయటికి వెళ్లింది.

నేను కదల్లేదు. అన్న గొంతు తగ్గించి, "చెయ్యి తమ్మి. తక్కువ జేసినవంటే మల్ల అనుమానం అస్తది. నేను ఎండల వడి సచ్చుడు నీకిష్టమా?" అన్నాడు.

అంతే, ఎక్కడలేని కోపం వచ్చింది. మేడమ్ మీద, నా తెలివి మీద. ఇసుక కాళ్లతో మంచం ఎక్కి తొక్కాను. దుప్పటి మీద చాయ్ ఒలకబోశాను. అద్దానికి పేస్టు పూశాను, అరటి తొక్క మంచం కిందికి విసిరాను. స్నానం చేసి విప్పిన బనీను, డ్రాయరు తడితడిగా అక్కడే వదిలాను. అంత కష్టమైన పని దుబాయ్‌లో నేను ఇంకోటి చేయలేదు.

మేడమ్ వచ్చి నన్ను కుర్చీలో కూర్చోమంది. అన్న తలుపు తట్టాడు. "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు. సర్ అంటే నేను.

ఆయన నలభై నిమిషాలు పనిచేశాడు. మోకాళ్ల మీద కూర్చుని అరటి తొక్క తీశాడు. ఒకసారి నేను లేవబోతే మేడమ్ కలంతో బల్ల మీద కొట్టింది, కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఒక బండ వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. అది తాను పరిచినదేనని, తొందరలో సరిచేయలేదని అన్న నాకు ఎప్పుడో చూపించాడు. దాన్ని రెండుసార్లు తుడిచాడు. పక్క మూలలు నేను నేర్పినట్టే మడిచాడు. తర్వాత నా తడి బట్టలు రెండు చేతులతో తీసుకుని సంచిలో పెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ అద్దం మీద వేలు రాసి చూసింది, మంచం కిందికి వంగి చూసింది. "ఠీక్ హై. కల్ సే యూనిఫాం" అంది. రేపటి నుంచి యూనిఫాం, అంటే అన్న పాస్.

అన్న నా వైపు తిరిగి, నేర్పిన ఇంగ్లీషులో ఇంకేమైనా కావాలా సర్ అని అడిగాడు. "నో, థాంక్యూ" అన్నాను, నాకు నేర్పిన ఇంగ్లీషులో.

మధ్యాహ్నం నుంచి నేను మళ్లీ ఇస్త్రీవాణ్ణే. ఏడో నంబరు సంచి మా లాండ్రీకే వచ్చింది. ఇసుక, చాయ్ మరక, అన్నీ నా ఘనకార్యాలే. మిషన్‌లో వేయబుద్ధి కాక ఆ దుప్పటి చేత్తోనే ఉతికాను. సంచి అడుగు దాకా వెతికినా నా బనీను, డ్రాయరు కనపడలేదు.

సాయంత్రం మా గదికి వెళ్తే అవి నా మంచం మీద ఉన్నాయి. ఉతికి, ఆరేసి, మడత పెట్టి. అన్న పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"గివెందుకు ఉతికినవ్ అన్నా? లాండ్రీకి రావల్సినయి గద" అన్నాను.

"గెస్టు బట్టలు లాండ్రీకి వోతయి. గివి నీయి తమ్మి" అన్నాడు.