కొండ గీసే బాబాయ్

"దీనికి నా కథలే నచ్చకపోతే, రేపు నేనూ నచ్చకపోతే?"

పాపకు మాటలొచ్చిన దగ్గర్నుంచి తల్లికి ఇదే బెంగ. ప్రయోగశాలలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం ఆమెది. కథ చెప్పమంటే ఎక్కడ మొదలెట్టాలో తెలిసేది కాదు. పాప కథ కోసం తిన్నగా నాన్న ఒళ్లోకే పోయేది.

ఆ బెంగ విని సంబరపడినవాడు బాబాయ్ ఒక్కడే. ఆయన కథలు రాయడం నేర్పే మాస్టారు. ఏ కథైనా కొండెక్కి దిగాల్సిందేనంటాడు. మొదట్లో కష్టం, ముప్పాతిక దూరంలో శిఖరం, ఆపైన దిగుడు. ఆ కొండను ఆయన గీయని చోటు లేదు. కారు మీది దుమ్ములో గీశాడు. చెయ్యి విరిగిన పక్కింటాయన కట్టు మీదా గీశాడు. "జారావు సరే, జారకముందు నీకేం కావాలనిపించింది?" అని నిలదీస్తే, పొడి మాటల మనిషి ఆ పూటంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆమెకూ ఒక కొండ గీసిచ్చాడు. సైన్సు చదివిన మనిషికి సూత్రం దొరికితే ఇక పట్టపగ్గాలుంటాయా? మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి, గడియారం చూసుకుంటూ ఒక కుందేలును కొండెక్కించింది. శిఖరం అల్లంత దూరంలో ఉండగా పాప నిద్రపోయింది.

ఇంకో తల్లయితే పండగ చేసుకునేది. ఈమె పాపను కుదిపి లేపింది. "లేమ్మా, శిఖరం ఇంకా రాలేదు."

పాప ఏడుపుకు బాబాయ్ పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. నీ కొండ నా కొంప ముంచిందని ఆమె విరుచుకుపడింది. ఇంతలో పాప వెక్కుతూనే అడిగింది.

"కుందేలు బూట్లు ఏ రంగు?"

కొండ మీద బూట్లకు చోటు లేదు. ఆమె బేలగా బాబాయ్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒకటి పచ్చది," అంది చివరికి. "రెండోదాన్ని చేప ఎత్తుకుపోయింది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే తెల్లబోయింది. చేప ఆ బూటును టోపీలా పెట్టుకుంది, పెళ్లికెళ్లింది. కష్టమూ లేదు, శిఖరమూ లేదు. పాప మాత్రం ఆమె ఒళ్లోంచి కదల్లేదు.

"మరి కొండ కొండ అని అందరి ప్రాణాలూ ఎందుకు తోడతావు బాబాయ్?"

"అందరివీ కాదమ్మాయ్. నోరు పెగలనివాళ్లవే. మీ ఆయనకి ఎప్పుడైనా గీశానా?"

నిజమే, గీయలేదు. ఆ పూట బాబాయ్ చెప్పినట్టే ఆమె ఇప్పటికీ నడుచుకుంటోంది.

"మొదలెట్టడానికి భయమేస్తే కొండ పట్టుకో. మొదలయ్యాక పిల్ల ఎటు చూస్తే అటు పో. మధ్యలో నిద్రపోయిందా, అదే శిఖరం. లేపకు తల్లీ."