మొదటి గంటకు కావలి

మా పెద్ద సిస్టరక్క పోయిన వార్త నాకు ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నల్ల అంచు వేసిన ఫోటో, కింద చేతులు జోడించిన బొమ్మ, 'మన ప్రసవ వార్డుకు మూలస్తంభం' అని ఒక మాట. పంపింది ఎవరనుకుంటున్నారు? ఆమెను ఆ ప్రసవ వార్డులోంచి పీకి, ఆపరేషన్ సామాన్లు ఉడకబెట్టే గదిలో కూర్చోబెట్టిన మేనేజరే. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. ఒక తల్లికి నొప్పులు వస్తా ఉంటే పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

పొద్దున కాఫీ తాగి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నదట. కూర్చున్నట్టే పోయిందట. వాళ్ళది పోదనూరులో పాత రైల్వే కాలనీ. నాయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసినాడు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, డ్యూటీలో సగం ఇంగ్లీషు. నేను చిన్నమనూరు నుంచి నర్సింగ్ చదివి కోయంబత్తూరు వచ్చిన కొత్తలో, ఒక డాక్టరు తిట్టినాడని వార్డు మూలన నిలబడి "అయ్యో దేవుడా" అని తెలుగులో గొణుక్కుంటా ఏడుస్తున్నాను. వెనక నుంచి గొంతు వినపడింది. "ఏమే, మన ఇండ్ల పిల్లవా? ఏడ్చేదానికి ఇక్కడ జీతం ఇయ్యరు. రా, చెయ్యి కడుక్కో." అప్పటినుంచి ఆమె నాకు అక్క.

ఆ అక్క చేసిన పని ఏమిటో చెప్పాలంటే ముందు సేనై సంగతి చెప్పాలి. మా తెలుగు ఇండ్లలోనూ, చుట్టూ ఉండే అరవ ఇండ్లలోనూ బిడ్డ పుట్టగానే సేనై పెట్టడమని ఒకటుంది. ఇంట్లో మంచి పేరున్న పెద్దవాళ్ళు తేనెలోనో చక్కెర నీళ్ళలోనో వేలు ముంచి బిడ్డ నాలుక మీద రాస్తారు. ఎవరు రాస్తే వాళ్ళ గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం. ఆ వేలి కోసం అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇండ్లు నాకు తెలుసు.

గైడ్‌లైన్ ఏమంటుంది? పుట్టిన గంటలోపల తల్లి పాలు పట్టాలి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచాలి, ఆరు నెలలు ఇంకేమీ నోట్లో పెట్టకూడదు. మాకు ట్రైనింగ్ ఇచ్చినారు. వడ పెట్టినారు, టీ పోసినారు, గోడకి పెద్ద పోస్టర్ అంటించినారు. ఆ సాయంత్రమే, ఆ పోస్టర్ కిందనే నిలబడి మా నర్సొకతి ఒక అవ్వకి చక్కెర కలిపేదానికి స్పూను ఇచ్చింది. అక్క చూసింది. తిట్టలేదు. "గోడకి చదువు చెప్పి ఏం లాభమే? గోడ పోయి ప్రసవం చేస్తాదా?" అనింది.

మరుసటి వారం నుంచి ఆమె రోజూ కొంతసేపు ప్రసవ వార్డు వదిలి ఓపీలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఏడో నెల చూపించుకునేదానికి వచ్చిన ప్రతి పిల్లనీ ఒకటే అడిగేది. "మీ ఇంట్లో సేనై పెట్టేది ఎవరు? ఈసారి మొగుణ్ణి కాదు, వాళ్ళని తోడుకొని రా." అదీ ఆమె పని తీరు. నొప్పులు పడుతున్న తల్లికి పాఠం చెప్పి ఏం చేస్తాం? వేలు ఎవరిదో వాళ్ళతోనే మాట్లాడాల. రెండు నెలల ముందే మాట్లాడాల.

ఆండిపట్టి పక్కనుంచి, ఇక్కడుండే కోడలి కోసం ఒక అవ్వ వచ్చింది. చెవులకు పాత కాలం కమ్మలు, మొండి మనిషి. "మా మేనత్త నాకు పెట్టింది, నేను నా బిడ్డలకు పెట్టినాను, ఎవరు చచ్చినారు?" అని ఓపీ అదిరేటట్టు అరిచింది. అక్క నిమ్మళంగా అడిగింది.

"అవ్వా, నీ గుణం వేలి కొనలోనే ఉండాదా, చెయ్యంతా ఉండాదా?"

"చెయ్యంతా ఉంది పో! ఏం, నా గుణానికేం తక్కువ?"

"అట్లయితే వేలెందుకు? బిడ్డ పుట్టినాక నిన్ను లోపలికి పిలుస్తాను. చెయ్యి బాగా కడుక్కొని, బిడ్డ వీపు మీద ఆ చెయ్యి వేసి నువ్వే తల్లి రొమ్ముకి పట్టు. మొదటి పాలు నీ చేతి మీదుగా దిగుతాయి."

అవ్వ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ప్రసవం రోజు ఆ ముడతల చెయ్యి బిడ్డ వీపు మీద పెట్టి, "తాగు సామీ, తాగు" అంటా ఆమె ఏడ్చిన ఏడుపు నేను మరచిపోలేను. అప్పటినుంచి మా వార్డులో అదే పద్ధతి అయింది. బయటివాళ్ళని లోపలికి రానిస్తే క్రిములు వస్తాయని పైవాళ్ళు ఎగిరినారు. "ఒక్క మనిషి, గౌను వేసి, నా ముందర చెయ్యి కడిగించి పంపుతాను. దానికన్నా ఆ తేనె వేలు మంచిదా చెప్పండి" అని వాళ్ళతోనూ కొట్లాడింది.

ఒకసారి నేనే అడిగినాను, ఇంత పట్టుదల ఎందుకక్కా అని. ఆమె కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు, చక్కెర నీళ్ళు పోసిన ఒక బిడ్డ బేదులు పట్టుకుని పోయిందట. "దానివల్లే పోయిందని నేను ఒట్టేసి చెప్పలేనే. ఒక్క బిడ్డని చూసి చెప్పకూడదు. అందుకే ఎక్కడెక్కడో ఎంతో మంది బిడ్డల్ని చూసి, సరిచూసుకుని రాసినారు. గైడ్‌లైన్ అంటే డాక్టరు మాట కాదు, పోయిన బిడ్డలు చెప్పిపోయిన మాట." ఆ తరువాత నేను ఏ పోస్టర్నీ తేలికగా చూడలేదు.

ఇంక అక్కను వార్డులోంచి పంపించిన పెద్దాయన సంగతి. మా తెలుగాయనే, ఊర్లో పెద్ద వ్యాపారం, ఆసుపత్రి నడిపేవాళ్ళలో ఒకడు. మనవడు పుట్టినాడు. వెండి గిన్నెలో తేనె, అందులో బంగారు ఉంగరం అరగదీసి తెచ్చినాడు. బంధువులంతా వరండాలో నిలబడినారు. అక్క గంట సేపు బిడ్డను తల్లి దగ్గరే ఉంచి, పాలు తాగినాక బయటికి తెచ్చింది. ఆయన వేలు ముంచి ముందుకు చాపినాడు. అక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"తల మీద చెయ్యి పెట్టి దీవించండయ్యా. నోట్లో వద్దు."

"నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావా అమ్మా?"

"తెలుసయ్యా. ఈ బిడ్డకి తెలవదు కదా. దానికి అందరి వేలూ ఒకటే."

అంతమంది ముందర ఆయన చెయ్యి గాల్లో నిలబడిపోయింది. తేనె వరండా రాళ్ళ మీద కారింది. అది కావాలని చేసిన అవమానమని ఆయన అన్నాడు. వారం తిరగకముందే అక్కను కత్తెరలూ గిన్నెలూ ఉడకబెట్టి మూటలు కట్టే గదికి మార్చినారు. 'పరిపాలనా కారణాలు' అన్నారు. ఇదేం న్యాయమని మేం కొందరం పోయి అడిగినాం. మా డ్యూటీలూ చెల్లాచెదురు చేసినారు. పోస్టర్ మాత్రం తియ్యలేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తే చూపించాల కదా!

రిటైరయ్యేదాకా అక్క ఒక్క బిడ్డనూ ఎత్తుకోలేదు. ఆవిరిలో నిలబడి నిలబడి చేతులు పొక్కినాయి. నేను మూటలు తెచ్చేదానికి పోతే తన సంగతి చెప్పేది కాదు. "ఈ పొద్దు ఎవరి నోట్లో ఏం పడిందే?" అని అడిగేది. పెద్దింటి వాళ్ళొస్తే మేం చూసీ చూడనట్టు ఉండాలని కొత్త ఇన్‌ఛార్జ్ చెప్పింది. ఆ మాట అక్కకు చెప్పినప్పుడు ఆమె చేతిలోని గుడ్డ మడత పెట్టడం ఆపింది. "బీద బిడ్డకి ఒక గైడ్‌లైన్, పెద్దింటి బిడ్డకి ఒకటా?" అనింది. కోపంగా కూడా అనలేదు. వీడ్కోలు రోజు అదే మేనేజరు శాలువా కప్పి, ఫోటోకి నవ్వమన్నాడు. అక్క నవ్వలేదు. ఇప్పుడు గ్రూపులో పెట్టిన ఫోటో అదే.

డ్యూటీ దిగి పోదనూరుకి పోయినాను. వీధి నిండా జనం. ఆమె ముందర చెయ్యి కడుక్కొని లోపలికి పోయిన అవ్వలూ, వాళ్ళ కోడళ్ళూ వచ్చినారు. నాకు ఏడుపు వచ్చింది, కొంచెం సంతోషం కూడా వచ్చింది. అప్పుడే కారు ఆగింది. పెద్దాయన దిగినాడు, వెనక మేనేజరు మాల మోసుకుంటా. అక్క తమ్ముడు పరుగెత్తి ఎదురుపోయినాడు. పాపం, అతనికేం తెలుసు? పెద్దమనిషి వచ్చినాడని పొంగిపోయినాడు.

స్నానం పోసి, బల్ల మీద పడుకోబెట్టినారు. వాయ్‌కరిసి వేసే సమయమైంది. చచ్చిపోయినవాళ్ళ నోట్లో పిడికెడు బియ్యం వేసి సాగనంపడం మా వైపు ఆఖరి మర్యాద. బంధువులు వేసినారు. తమ్ముడు పళ్ళెం పెద్దాయన ముందర పట్టి, "మీరూ వెయ్యండయ్యా, మా అక్క పుణ్యం" అన్నాడు.

ఆయన వేసినాడు. నోరు అప్పటికే నిండిపోయింది. గింజలు పెదవి పక్కనుంచి చెంప మీదకి జారినాయి. ఆయన వంగి, చూపుడు వేలితో వాటిని లోపలికి తోస్తా ఉన్నాడు. మెల్లగా, భక్తిగానే తోస్తా ఉన్నాడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. ఒక అడుగు వెనక్కి వేసేదానికి ఆమెకు కాళ్ళు లేవు.

"అయ్యా," అన్నాను నేను. గొంతు నాదేనా అనిపించింది. "వేలు తియ్యండి."

వీధంతా నా వైపు చూసింది. ఆయన వేలు ఇంకా ఆ పెదవుల మధ్యనే ఉంది.