ఉక్కపోతలో నాలుగు రోజులు

ఏప్రిల్ వచ్చిందంటే కాకినాడ మీద నాకు ఒళ్లు మండుతుంది. ఎండకు కాదు. మా సిరిసిల్ల ఎండ ముందు ఇక్కడి ఎండ లెక్కలోకి రాదు. నా చిరాకంతా ఉక్కపోతతోనే. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపే మళ్లీ చెమట. ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది, వేయించిన అప్పడం పళ్లెంలో పెట్టేసరికి మెత్తబడుతుంది. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఇక్కడ రావడంతో ఆరేళ్లుగా మేడ మీద ఒక గదిలో ఒంటరిగా ఉంటున్నాను. పనిరోజుల్లో రక్తం తీస్తూ, చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి అనైనా అంటాను. ఆదివారం అదీ ఉండదు.

నిరుడు ఫోన్లో బాపుతో ఈ ఉక్క గురించి కాస్త ఎక్కువే చెప్పుకున్నాను. నిజానికి చెప్పాలనుకున్నది అది కాదు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని చెబుదామని మొదలుపెట్టి, మధ్యలో భయపడి మాట ఉక్క మీదికి మళ్లించాను. అమ్మ పోయాక బాపు కూడా ఇంట్లో ఒక్కడే. అరవై దాటినా సాంచెలు నడుపుతున్నాడు. పవర్‌లూమ్‌లను మా ఊళ్లో అలాగే అంటాం.

వారం తిరక్కుండా ఒక శుక్రవారం పొద్దున కూలరుతో దిగాడు. కోరుట్లలో తెలిసిన రేకుల పనివాడితో చేయించి, వరంగల్ దాకా బస్సులో, అక్కడి నుంచి రైల్లో తలుపు పక్కన నిలబెట్టుకుని తెచ్చాడట. గడ్డి తడిపి, నీళ్లు పోసి, స్విచ్ వేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపు పొడిగాలికి కూలరు పెడితే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ గాలే ముందు నీళ్లతో నిండి ఉంది. గంటలో దిండు, దుప్పటి, గోడ మీది క్యాలెండరు అన్నీ చెమ్మెక్కాయి. కింద వాటాలో ఉండే ఇంటావిడ పైకి వచ్చి చూసి నవ్వింది. "కూలరేంటండీ బాబూ, ఇంకా ఉక్కెక్కిపోద్ది" అంది. బాపు ముఖం చూడలేక, లేదు లేదు, బాగా చల్లగా ఉందని అన్నాను. ఆ అబద్ధం కాపాడుకోవడానికి శుక్ర, శనివారాలు డ్యూటీ నుంచి రాగానే దాని ముందే కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పడమటి నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. గాలి లేచి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, కరెంటు పోయింది, వాన విసురుగా దిగింది. అరగంటలో వెలిసింది. వెలిశాక ఎక్కడైనా చల్లబడుతుంది. ఇక్కడ డాబాలోంచి ఆవిరి లేచి ఉక్క రెట్టింపైంది. నేను విసనకర్ర ఊపుకుంటూ ఈ ఊరిని తిట్టుకుంటున్నాను. బాపు గుమ్మంలో కూర్చుని, చెయ్యి బయటికి చాపి, నూలు పట్టి చూసినట్టు రెండు వేళ్లు నలిపి చూశాడు.

"గీ గాలిల పోగు తెగది బిడ్డా" అన్నాడు.

మా వైపు ఎండాకాలం గాలి ఆరిపోయి నూలు ఊరికే తెగుతుంది. పోగు తెగినప్పుడల్లా సాంచె ఆగుతుంది, ముడి వేసి మళ్లీ నడపాలి. అందుకని షెడ్డులో నేల మీద నీళ్లు చల్లుతారు, తడి గోనెసంచులు వేలాడేస్తారు. నలభై ఏళ్లు బాపు కష్టపడి చేసుకున్న తడి ఇక్కడ ఊరికే దొరుకుతోంది. ఆ సంగతి చెబుతూ ఎంతో తృప్తిగా నవ్వాడు. ఉండిపో బాపూ అని నా నోటిదాకా వచ్చింది. చెమటకు వీపుకు అంటుకుపోయిన ఆయన బనియను చూసి ఆగిపోయాను. నా ఒంటరితనం కోసం ఈ ముసలాయన్ని ఆవిరిలో ఉడకబెట్టడం ఏం న్యాయం అనుకున్నాను. ఈ ఉక్క నీకు పడదు, రేపు బండెక్కు అని చెప్పాను. ఎంత మంచిదాన్నో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బాపు వేళ్లు పంచెకు తుడుచుకుని సరే అన్నాడు.

సోమవారం ఆయన్ని స్టేషన్లో దించి డ్యూటీకి పోయాను. ఊరు చేరాక ఫోన్ చేస్తాడనుకుంటే చేయలేదు. వారం చూసి నేనే చేశాను. మధ్యాహ్నం వేళ ఇంట్లోనే ఉన్నాడు. పనికి పోలేదా అని అడిగాను.

"పనేడిది? ఇగ రానని సేటుకు చెప్పే నీ దగ్గరికి అచ్చిన. నా సాంచెల మీద ఇంకొకణ్ణి పెట్టుకున్నడు."

ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"నువ్వొక్కదానివే ఉండలేకపోతున్నవని సమజైంది బిడ్డా. ఉండుమంటవేమోనని నాలుగు దినాలు సూసిన."

ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులోనే, రేపే రమ్మన్నాను. ఇంకో షెడ్డులో పని అడిగాడట, ఎల్లుండి నుంచి వస్తానని మాటిచ్చాడట. ఇప్పుడు తప్పితే బాగుండదన్నాడు. నేను అడగలేదనే చింతే తప్ప తనకు కోపమేమీ లేదన్నాడు. ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను.

మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని, ఆరేళ్లుగా దాచుకున్న మాట ఎలాగైనా చెప్పేద్దామని మళ్లీ ఫోన్ చేశాను. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా బాపూ, నువ్వు రా అని గట్టిగానే చెప్పాను. అప్పటికి ఆయన కొత్త షెడ్డులో ఉన్నాడు, సాంచెలన్నీ దడదడా నడుస్తున్నాయి. ఏంది బిడ్డా, ఏంది అని రెండుసార్లు అడిగాడు. మళ్లీ చెప్పాను. వినపడలేదు. ఎండల పైలం అని జాగ్రత్త చెప్పి పెట్టేశాడు.