డాక్టరుగారి రెండో మ్యాచ్

ఆ రోజుల్లో మనకి ఇంగ్లీషు వచ్చని నలుగురూ నమ్మితే చాలు, నిజంగా రానక్కర్లేదు. బందరు పక్కన రొయ్యపిల్లల హేచరీలో నాకు ఉద్యోగం ఇచ్చింది ఆ నమ్మకమే. రొయ్యపిల్లల జబ్బులు చూడటానికి తూర్పు దేశం నుంచి ఒక నిపుణుడు వచ్చి మాతోనే ఉండేవారు. అందరం డాక్టరుగారనేవాళ్ళం. ఆయన మాట అందరికీ తెలుగులో చెప్పడం నా పని. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోయేది కాదు.

ఆ ఏడు అటువైపు దేశాల ఫుట్‌బాల్ కప్పులో వాళ్ళ జట్టు ఫైనలుకొచ్చింది. హేచరీ అంతా టీవీ ముందే. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. డాక్టరుగారు వెళ్ళి పడుకున్నారు. మర్నాడు మా ఓనరు (నాకు వరసకు బాబాయి) గూడూరు నుంచి అరటిపళ్ళతో పరామర్శకొచ్చాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చుని, వెళ్ళొస్తామని చెప్పకుండా లేచి వెళ్ళారు (అలాంటప్పుడు చెప్పకూడదు కదా).

డాక్టరుగారు నవ్వి, "నో ప్రాబ్లం. సండే ఎగైన్. సేమ్ టీమ్, ఫైనల్" అన్నారు.

"ఆదివారం మళ్ళీ వాళ్ళతోనే ఫైనలంట" అన్నాను.

"ఓడిపోయాక మళ్ళీ ఫైనలేంట్రా? నువ్వు సరిగ్గా విన్నావా?" అన్నాడు బాబాయి.

సరిగ్గానే విన్నాను. ఒక మ్యాచ్ వాళ్ళ దేశంలో, ఒకటి వీళ్ళ దేశంలో, రెండింటి గోల్సూ కలుపుతారని ఆయన బొమ్మ గీసి మరీ చెప్పారు. కానీ ఆ మాటంటే నా ఇంగ్లీషు మీద అనుమానం వస్తుంది. "కాస్త మనసు చెదిరినట్టుంది బాబాయ్" అనేశాను.

"అయ్యో, పెళ్ళాం బిడ్డల్ని వదిలొచ్చినోడు. ఆదివారం ఆ టీవీ పలకనీయకు."

ఆదివారం పొద్దున్నే కేబుల్ తీగ పీకేశాను. డాక్టరుగారు టీవీని తట్టారు, బతిమాలారు, డాబా ఎక్కి చూసొచ్చారు. తప్పు కేబుల్ అతనిదన్నాను. "లేని మ్యాచ్ కోసం ఎట్టా వెతుక్కుంటున్నాడో" అని వంట పిన్ని కళ్ళొత్తుకుంది.

సాయంత్రం డాక్టరుగారికి వాళ్ళ దేశం నుంచి వాళ్ళావిడ ఫోన్ చేసింది. ఆయన వెక్కి వెక్కి ఏడ్చి, రొయ్యపిల్లల తొట్ల మధ్య పరుగులు పెట్టారు.

"చూశావా? తీగ పీకి మంచి పని చేశాంరా" అన్నాడు బాబాయి.

వాళ్ళ జట్టు మూడు గోల్స్ తేడాతో గెలిచింది. కప్పు వాళ్ళదే. ఆ సంగతి చెబుతూ డాక్టరుగారు ముందు నన్నే కౌగిలించుకున్నారు, ఆయన మాట అర్థమయ్యేది నాకొక్కడికే గనక. నేను ఎవరికీ తెలుగులో చెప్పలేదు.

కేబుల్ అతని తప్పేమీ లేదు. డాక్టరుగారూ, ఆ తీగ పీకింది నేనే. ఇప్పుడు ఎక్కడ రెండు మ్యాచ్‌ల ఫైనల్ వచ్చినా మొదటిది చూడను. రెండోది మాత్రం చివరి విజిల్ దాకా కూర్చుని చూస్తాను, మీ బదులు.