తూలితే ఆగే గుర్రం

ఆమె అసలు పేరు గుర్రపుశాలలో ఎవరికీ గుర్తులేదు. నోరు తెరిస్తే ముందుగా వచ్చే మాట ‘నిదానం’ కాబట్టి అందరికీ నిదానమ్మ అయిపోయింది. గుర్రాలతో అదే మాట, గుర్రమెక్కిన పిల్లలతో అదే మాట. పొయ్యి మీద పొంగుతున్న పాలతో కూడా అదే అంటుందని వాళ్ళక్క నవ్వేది.

పొద్దున్నే గడ్డి దులపడం, డెక్కల సందుల్లో ఇరుక్కున్న మట్టిని కొక్కెంతో తీయడం, జీనులకు నూనె పట్టించడం, ఎండెక్కాక స్వారీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించి గుండ్రంగా తిప్పడం. ఈ తిరుగుళ్ళలోనే ఆమె జుట్టు తెల్లబడింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, “ఇంతమంది పిల్లల్ని దించి ఎప్పుడు వెళ్ళను?” అనేది. ఆ తర్వాత అడగడం మానేశారు.

ఆ శాలలో మబ్బు అనే బూడిదరంగు ఆడగుర్రం ఉండేది. పుట్టినప్పుడు తడితడిగా వణుకుతూ నిదానమ్మ ఒడిలోనే పడింది. దానికి ఆమె శ్రద్ధగా నేర్పిన విద్య ఒకటుంది. వీపు మీది మనిషి ఒక పక్కకు తూలితే, ఎంత వేగంలో ఉన్నా సరే, ఆగిపోవాలి. అది నేర్పడానికి తనే కావాలని ఎన్నిసార్లు జారిందో ఆమె మోచేతులకే తెలుసు. మొదటిసారి గుర్రమెక్కే పిల్లలందరికీ మబ్బే కావాలి. ఏడుస్తూ ఎక్కినవాళ్ళు, దిగమంటే ఏడ్చేవారు.

కాని దూకుడు నేర్చిన కుర్రకారుకు మబ్బు నచ్చేది కాదు. ఎత్తయిన దడిని కూడా గాలిలో తేలినట్టు దాటగలదు. అయితే పైనున్నవాడు కాస్త అటో ఇటో అయితే దడి ముందే నిలబడిపోయేది. కొందరు విసుగెత్తి వేరే శాలకు వెళ్ళిపోయారు. శాల యజమాని నిదానమ్మ చేతుల మీదుగా స్వారీ నేర్చినవాడే, ఇప్పటికీ ఆమెను అత్తా అనే పిలుస్తాడు. సముద్రపు ఒడ్డున గుర్రాల మీద జనాన్ని ఎక్కించి ఫొటోలు తీసేవాళ్ళు మబ్బును అడుగుతున్నారని ఒకరోజు చెప్పాడు.

“ఉత్తపుణ్యానికి ఆగిపోయే గుర్రాన్ని ఎన్నాళ్ళని మేపను అత్తా?”

నిదానమ్మ వంగి మబ్బు డెక్క ఎత్తి మట్టి తీయసాగింది. ఆ రాత్రి ఆమె కలలో మబ్బు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఎవరెవరో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అది మాత్రం ఎటో చూస్తోంది.

అంతలో ఆ ఊరికి దేశదేశాల ఆటల పోటీలు వచ్చాయి. అందులో మగవాళ్ళ పెంటాథ్లాన్ ఒకటి. ఒకే మనిషి కత్తి తిప్పాలి, ఈదాలి, గుర్రమెక్కి దడులు దాటాలి, చివర్న పరుగెత్తుతూ మధ్యమధ్య ఆగి తుపాకి గురిపెట్టాలి. విచిత్రమేమంటే ఆ గుర్రం ఆటగాడిది కాదు. ఆ ఊళ్ళో తెచ్చిపెట్టిన గుర్రాల్లోంచి చీటీ తీస్తే ఏది వస్తే అది. ముక్కూమొహం తెలియని గుర్రంతో ఇరవై నిమిషాలు పరిచయం, ఆపైన బరిలోకి. తెచ్చిన గుర్రాల్లో ఒకటి కుంటడంతో నిర్వాహకులు మబ్బును అడిగారు.

యజమాని ఒప్పుకుంటూ నిదానమ్మతో ఒక మాట అన్నాడు. “అందరి ముందూ ఆగకుండా చుట్టి వచ్చిందనుకో, మనదగ్గరే ఉంటుంది. ఆగిందా, సముద్రానికే.”

చీటీల్లో మబ్బు, అప్పటికి అందరికంటే ముందున్న ఆటగాడికే పడింది. పొడవాటి మనిషి. అతని భాష అక్కడెవరికీ రాదు. జుట్టులోంచి ఈతకొలను వాసన ఇంకా వదల్లేదు. మబ్బు అతని తల వాసన చూసి, నిద్రలోంచి లేచినట్టు కళ్ళార్పింది.

గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి నిదానమ్మకు బావ, అక్క మొగుడు. కంచె పక్కన చతికిలబడి ఇదంతా చూస్తున్నాడు.

“మరదలా, ఒక ఉపాయం చెప్పనా?”

“వద్దన్నా చెప్తావుగా.”

“అతని చేతిలో బెత్తం ఉంది చూశావా. ఆగబోయిందనగానే గట్టిగా రెండు తగిలించమని సైగ చెయ్యి. ఇవాళ ఆగదు.”

“రేపు?”

“రేపటి సంగతి రేపు. ముందు శాలలో ఉండాలిగా అది.”

“ఆగినందుకు దెబ్బ తింటే మళ్ళీ ఆగదు బావా. పసిపిల్ల జారుతున్నా ఆగదు.”

“అయితే ఉప్పుగాలి మేస్తుంది. నువ్వూ వెళ్ళి పక్కన నిలబడు. ఫొటోలో ఇద్దరూ పడతారు.”

నిదానమ్మకు నవ్వు రాలేదు. చెయ్యి ఒకసారి పైకెత్తి గాలిలో ఆడిస్తే చాలు, అతనికి అర్థమైపోతుంది. గుర్రం దక్కుతుంది. దక్కిన గుర్రం మాత్రం మబ్బు కాదు. ఆమె లేచి వెళ్ళి కళ్ళెం పట్టుకుంది. మబ్బును నడిపిస్తూనే, జీను మీదున్న అతన్ని నడుం దగ్గర పట్టుకుని మెల్లగా ఎడమకు వంచింది. నడుస్తున్న మబ్బు నిలబడిపోయింది. నిటారుగా కూర్చోబెట్టింది. మబ్బు కదిలింది. అతను ఆశ్చర్యంగా చూసి, ఈసారి తనంతట తనే కుడికి ఒరిగాడు. మబ్బు ఆగింది. అతను నవ్వాడు.

“పోటీకొచ్చినవాడికి ఊయల చూపిస్తోంది మా మరదలు,” అన్నాడు బావ ఎవరితోనో.

పరిచయ సమయం అయిపోయింది.

బరిలో ఉన్నప్పుడు బయటినుంచి గుర్రానికీ ఆటగాడికీ ఏమీ చెప్పకూడదని నియమం. నిదానమ్మ తన మాటను పళ్ళ మధ్య బిగపట్టి కంచె దగ్గర నిలబడింది. మబ్బు మొదటి దడి దాటింది, రెండోది దాటింది. ఆ తర్వాత ఆమెకు లెక్క తప్పిపోయింది. అంత జనం ఉన్నా చప్పుడు వినబడలేదు. రంగురంగుల అడ్డకర్రల మీదుగా బూడిదరంగు లేస్తోంది, వాలుతోంది, మళ్ళీ లేస్తోంది. నీళ్ళ అడుగున ఏదో జరుగుతున్నట్టుంది. ఎవరి కలనో పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

ఇంకా రెండు దడులుండగా మబ్బు ఆగిపోయింది.

జనం ఒక్కసారిగా ఉస్సురన్నారు. అతను ముందుకు తూలి మెడ మీద వాలిపోయాడు. మబ్బు ఎడమకు ఒక్క అడుగు జరిగింది, చంకలోంచి జారుతున్న బిడ్డను తల్లి ఎగదోసుకున్నట్టు. అతను తమాయించుకుని కూర్చున్నాడు. బెత్తం ఉన్న చెయ్యి లేచింది.

నిదానమ్మ కళ్ళు మూసుకోలేదు.

ఆ చెయ్యి గాలిలో కాసేపు ఉండి దిగింది. అతను బెత్తాన్ని ఇసుకలో వదిలేశాడు. జీనుకు వేలాడే రికాబును కాలితో వెతుక్కుని తొడుక్కున్నాడు, మెడ నిమిరాడు, వెనక్కి తిప్పుకుని వచ్చి దడి దాటించాడు. చివరిదీ దాటించాడు. పోయిన పాయింట్లు మాత్రం పోయాయి.

చివరి పరుగులో ముందున్నవాడు ముందు బయల్దేరతాడు, మిగతావాళ్ళు ఎంత వెనకబడితే అంత ఆలస్యంగా. ఆ పరుగును నిదానమ్మ చూడలేదు. వెనక షెడ్డులో మబ్బుకు నీళ్ళు పోస్తోంది. వీపు మీంచి ఆవిరి లేస్తోంది. దూరంగా జనం హోరు ఒకసారి దగ్గరకొచ్చి, ఒకసారి దూరమవుతోంది. బావ వచ్చి బకెట్ బోర్లించి కూర్చున్నాడు.

“అయిదోవాడిగా వచ్చాడు.”

“దెబ్బలేమైనా తగిలాయా?”

“తగిలితే పరిగెడతాడా? ఒంటికి చెక్కుచెదరలేదు. పతకం మాత్రం పోయింది. దాని మీద నువ్వేమంటావు?”

“నిదానం,” అంది ఆమె. అది అతనితోనో, చెవి విదిలిస్తున్న మబ్బుతోనో తెలియలేదు.

యజమాని వచ్చాడు. ఆమె ముఖం చూడకుండా, వంగి మబ్బు కాళ్ళు తడిమి చూశాడు.

“పెద్ద తెర మీద మళ్ళీ వేశారు అత్తా, బాగా నెమ్మదిగా. దానికి ముందరి దడి దాటేటప్పుడే రికాబులోంచి కాలు ఊడింది. అప్పటికే మనిషి సగం గాలిలో ఉన్నాడు. ఆగకపోతే కర్రల మీద తలకిందులుగా పడేవాడు. నేనూ ముందు తిట్టుకున్నా. ఉత్తినే ఆగిందని.”

నిదానమ్మ గుడ్డతో మబ్బు మెడ తుడుస్తూనే ఉంది.

“సముద్రం వాళ్ళకి రావద్దని చెప్పేశాను. కాని ఒక షరతు. ఇక పసిపిల్లలకే. దడులు దాటించొద్దు. దూకుడు నేర్చేవాళ్ళకి ఇది పనికిరాదు, దీనికి వాళ్ళు పనికిరారు. ఒప్పుకున్నట్టేనా?”

మబ్బుకు దడి దాటడం ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. గాలిలోకి లేచిన ఆ క్షణంలో దాని చెవులు ముందుకు ఎలా నిక్కుకుంటాయో ఆమె ఒక్కతే ఎరుగును. అయినా, “సరే బాబూ,” అంది.

“ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు,” అన్నాడు బావ, యజమాని వెళ్ళాక. “నాకేదో అనుమానంగా ఉంది మరదలా.”

ఇంటిదారిలో గుర్రాల లారీలో మబ్బు నిలబడే నిద్రపోయింది. కింది పెదవి వేలాడేసింది. ఉండుండి దాని భుజం కింద చర్మం అదిరేది, ముందుకాలు కాస్త లేచి దిగేది. నిదానమ్మ పక్కనే గడ్డి మోపు మీద కూర్చుని, అది ఎక్కడ ఏ దడి దాటుతోందో ఊహిస్తూ ఉండిపోయింది.

శాల వెనక బీడులో, ఎవరూ వెళ్ళని మూల, గాలివానకు కూలిన చెట్టొకటి అడ్డంగా పడి ఉంది. షరతు దడులకే గాని, పడిపోయిన చెట్లకు కాదు. పిల్లలు వెళ్ళిపోయాక, సాయంత్రపు వెలుగు పలచబడే వేళ, ఒకసారి అటు నడిపించుకు వెళ్ళాలి. నిదానంగానే.