సుద్దగోడ

కిర్ర్... బర్ర్... నేలమీద సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తే చాలు, మా బాబాయి వస్తున్నట్టే. వంగి, వెనక్కి నడుస్తూ వస్తాడు కాబట్టి ముందు నడుము కనిపిస్తుంది, తర్వాత మనిషి. ఆయనకున్నది ఒకటే పిచ్చి: లేనిదాన్ని నేలమీద గీసి, ఉందనుకుని బతకమంటాడు.

కాలేజీలో రాజనీతి తత్వం చెబుతాడు. "ఆలోచన మంచిదో కాదో వాదిస్తే తేలదమ్మా. ముందు ఊహించాలి, తర్వాత అందులో కాపురం చేసి చూడాలి" అంటాడు.

పిన్ని పెద్ద ఫ్రిజ్ అడిగింది. మర్నాడు వంటింటి నేలమీద ఫ్రిజ్ వెలిసింది.

"ఏవండీ, పాలగిన్నె ఎక్కడ పెట్టను?"

"ముందు తలుపు తియ్యి. అదిగో, పొయ్యికి కొట్టుకుంది, చూశావా?"

పిన్ని ఇంకా తేల్చుకోలేదు. అందరం ఫ్రిజ్‌ని చుట్టి నడుస్తున్నాం.

ఇంతలో కాలనీకీ వెనక వీధికీ మధ్య ఆరడుగుల గోడ కట్టాలని కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు పట్టుబట్టారు. వెనక వీధివాళ్లు మన దారిన తెగ తిరుగుతున్నారట. మీటింగులో ఒకటే కేకలు. బాబాయి లేచాడు.

"కట్టేద్దాం. ఆదివారం, సుద్దతో. రోజంతా ఎవరూ దాటకూడదు. సాయంత్రం ఓటేద్దాం."

నవ్వుకుంటూనే ఒప్పుకున్నారు.

ఆదివారం తెల్లవారేసరికి, వెన్నెల వెళ్తూ వెళ్తూ జారవిడిచిన దారంలా ఒక తెల్లగీత. జడ్జిగారి కుక్క దాన్ని దాటేసింది. దాన్ని పట్టుకోవడానికి ఆయన మెయిన్ రోడ్డంతా చుట్టి వెళ్లేసరికి, కుక్క ఇంటికొచ్చి పడుకుంది.

మధ్యాహ్నం ప్రెసిడెంటుగారి అమ్మగారు గీత పక్కన స్టూలు వేసుకుని, ఎక్కి నిలబడి కబుర్లు అరవడం మొదలుపెట్టారు. అవతల, రోజూ ఆవిడతో కూర్చునే వెనక వీధి బామ్మగారు మెడ పైకెత్తి వింటున్నారు.

ప్రెసిడెంటుగారు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, దిగు! పడతావ్! అక్కడ గోడ లేదే!"

"లేకపోవడమేంట్రా, నువ్వు కట్టమన్నదేగా! ఎత్తు చాలట్లేదు, ఇంకో స్టూలు తే!"

కాలనీ అంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేక నవ్వి, అమ్మని చెయ్యి పట్టి దింపి, గీత మీంచి తనే అవతలికి నడిపించారు. సాయంత్రం గోడ వద్దని లేచిన మొదటి చెయ్యి ఆయనదే.

వంటింట్లో బాబాయి చేతులకంటిన సుద్ద కడుక్కుంటుంటే అడిగాను. "ప్రెసిడెంటుగారి అమ్మగారికున్న తోడు ఆ బామ్మగారొక్కరేనని నీకు ముందే తెలుసుగా? ఆ మాట మీటింగులోనే అనొచ్చుగా?"

"నలుగురిలో అంటే కొడుకు తల దించుకునేవాడు, అది చూసి ఆవిడ ఏడ్చేది. ఇప్పుడు చూడు, గోడ పడగొట్టింది మా అబ్బాయేనని ఆవిడ వీధంతా చెప్పుకుంటోంది. కాస్త జరుగమ్మా, ఫ్రిజ్ మీద నిలబడ్డావు."