దొరకు కార్జం రుచి తగిలాక

మా బాబాయి పార్సిళ్ల గోదాములో వాసన పసిగట్టే కుక్కను నడిపేవాడు. దాని పేరు దొర. పెట్టెల్లో దాచిన మత్తుమందు వాసన తగలగానే దొర చటుక్కున కూర్చోవాలి, బాబాయి ఒక బిస్కట్టు పెట్టాలి. ఆ బిస్కట్టు కంటే అట్టముక్క నయం. అయినా బాబాయి ఒకటే డప్పు కొట్టేవాడు: "మావాడు తిండి కోసం కాదురా, పని మీద ప్రేమతో చేస్తాడు."

ఆ ప్రేమ సంగతి మా పిన్ని తేల్చేసింది. ఒక ఆదివారం ఆవిడ ఉంగరం పోతే, దొర సోఫా కింద పట్టుకుంది. సంబరం పట్టలేక పిన్ని దాని నోట్లో వేయించిన కార్జం ముక్క పెట్టింది. అంతే! మర్నాటి నుంచి బిస్కట్టు చూపిస్తే దొర ఓసారి వాసన చూసి, మొహం తిప్పుకుని పడుకునేది. ఖర్మ కాకపోతే దొర పనితనం చూసే పరీక్ష కూడా ఆ వారమే. తప్పితే దొరను ఇంకెక్కడికో పంపేస్తారు.

"వాణ్ణి తీసుకుపోతే నేనెలా ఉంటానే?" అన్నాడు బాబాయి.

పిన్ని ఊరుకునే రకమా? పరీక్ష రోజు పొద్దున్నే కార్జం ముక్కలు పొట్లం కట్టి, చడీచప్పుడు లేకుండా ఆయన యూనిఫాం జేబులో పెట్టింది. చెప్తే ఒప్పుకోడుగా, మధ్యలో ఆ ప్రేమొకటి అడ్డం!

నేను ఆ గోదాములోనే గుమస్తాని, కళ్లారా చూశాను. దొర పెట్టెల వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. గిర్రున తిరిగి బాబాయి జేబుకెదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, సరుకు నీ దగ్గరే ఉందా?" అన్నాడు పరీక్ష పెట్టే అధికారి.

బాబాయి జేబు తడిమి పొట్లం బయటికి తీశాడు. ఘుమఘుమలు! అందరం పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం సిగ్గు చంపుకుని, "అయ్యా, ఒక్కసారి మళ్లీ చూడండి" అని బతిమాలి, పొట్లం అధికారి చేతికిచ్చి, ఒక ముక్క దొర ముక్కు దగ్గర ఆడించాడు. "వెతుకు నాయనా!"

దొర పెట్టెల మీద విరుచుకుపడింది. మేం నవ్వు ఆపుకునేలోపే మూల పెట్టె ముందు ఠపీమని కూర్చుంది. సరుకు అందులోనే ఉంది. బాబాయి దాన్ని కావలించుకుని అందరి ముందూ ఏడ్చేశాడు.

సాయంత్రం చంకలు గుద్దుకుంటూ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, కంచంలో దొర బిస్కట్లు!

"ఇదేంటే?"

"ప్రేమతో పనిచేసేవాళ్లకి అవి చాల్లెండి. కార్జం కావాలంటే ముందు ఆ కారే కుళాయి సంగతి చూడండి."

నెలల తరబడి 'రేపు, రేపు' అన్న మనిషి, పానా వెతకడానికి లేచాడు.